పాట పాడితే కడుపు నిండుతదా అన్నోళ్లకు

ఈసారి పోస్టు చాన పెద్దగుంటది. పొద్దున డ్యూటీ బస్సుల కూసొని చదువుకోండ్రి, సోనాపూర్ నుంచి జెబెల్ అలీ చేరేసరికి అయిపోతది. సగం చదివి కామెంట్ పెట్టకుండ్రి. మొత్తం చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టుండ్రి, పడత.

పోయిన నెల మన తెలుగోళ్ల పండుగ ప్రోగ్రాం ఒకటి అయింది. ఏ సంఘం, కమిటీల ఎవరున్నరు అనేది రాయను. రాస్తే అసలు ముచ్చట పక్కకు పోయి పేర్ల మీద కొట్లాట అయితది. మా సైట్ల స్టీల్ ఫిక్సర్ పని చేసే ఒక తమ్ముడున్నడు. సిరిసిల్ల దిక్కు పిల్లగాడు, ఇరవై నాలుగేండ్లు. రాప్ పాడతడు. మన యాసల, మన ముచ్చట్లే. ఏజెంటుకు కట్టిన పైసలు, చెప్పిన జీతం ఒకటి చేతికొచ్చింది ఒకటి, వీడియో కాల్ల అమ్మ ఫోన్ మొకం దగ్గర పెట్టుకొని సన్నబడ్డవ్ బిడ్డా అనుడు, పక్క బెడ్డాయన పెట్టెల ఇంటికి పోవుడు. ఇవన్నీ నాలుగు నిమిషాల పాటల పెట్టిండు. పండుగ స్టేజీ మీద పాడత అని పేరిచ్చిండు. ముందు సరే అన్నరు. రెండు రోజుల ముంగట ఫోన్ చేసి, "తమ్మీ, పండుగ పూట ఏడుపు పాట ఎందుకు? పెద్దపెద్దోళ్లు వస్తున్నరు, ఫ్యామిలీలు వస్తయి. ఆ పెట్టె ముచ్చట తీసెయ్, ఏజెంటు ముచ్చట తీసెయ్. లేకపోతే ఏదన్న సినిమా పాటకు డాన్స్ చెయ్, రెండు నిమిషాలు ఇస్తం" అన్నరట.

పిల్లగాడు పాడలే. ప్రోగ్రాంకు పోలే కూడ. రూంల మొకం గోడ దిక్కు తిప్పుకొని పన్నడు.

ఆ రాత్రి మన క్యాంపు గ్రూపుల ముచ్చట నడిచింది. ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టిండు: "సంపాదించనీకె వచ్చినవా, పాటలు పాడనీకె వచ్చినవా? పాట పాడితే కడుపు నిండుతదా?" దానికి మస్తు మంది బొటనవేలు బొమ్మ పెట్టిన్రు. నవ్వే బొమ్మలు పెట్టిన్రు. ఆ పెట్టినోళ్లందరికీ ఈ పోస్టు.

ముందు నా తప్పు నేను చెప్పుకుంట. రెండేండ్ల కింద ఇదే పిల్లగాడు లంచ్ బ్రేక్ల స్టీల్ కట్టల మీద కూసొని ఫోన్ల పాట రికార్డు చేసుకుంటుండె. నేను ఫోన్ గుంజుకొని సాయంత్రం దాక ఇయ్యలే. పది మంది ముంగట "మీ నాయిన అప్పు చేసి పంపింది ఇందుకేనా" అన్న. బ్రేక్ టైం వానిది, నాది కాదు. ఆ అరగంట మీద నాకు ఏ హక్కు లేదు. సూపర్‌వైజర్ అన్న గర్వంతోని అన్న మాట అది. కాబట్టి బొటనవేలు పెట్టినోళ్లు నాకంటే చెడ్డోళ్లు అని నేను అంటలేను. నేను మారింది ఎట్లనో చెప్తున్న, వినుండ్రి.

మా సైట్ల సూడాన్ దేశం టైం కీపర్ ఒకాయనున్నడు. యాభై దాటినయి. ఖార్తూం ఆయనది. 2023 ఏప్రిల్ 15న ఆ ఊర్ల యుద్ధం మొదలైన దినం నుంచి ఆయన ఇల్లు లేదు, ఇంటోళ్లు తలా ఒక దేశంల ఉన్నరు. ఒకనాడు కాంక్రీట్ పంపు రిపేర్ అయి రాత్రి రెండు గంటలు ఖాళీగ కూసున్నం. ఆయన ఫోన్ల ఒక పాట పెట్టిండు. ఒక ముసలాయన అరబ్బీల మెల్లగ పాడుతున్నడు, ఊద్ వాయిస్తున్నరు. మధ్యల ఒక పడుచు గొంతు రాప్ చెప్తున్నది. ఎవరు ఇది అంటే, "ముసలాయన మావోడు, ఉత్తరం. పిల్లగాడు దక్షిణం. మా ఫౌజు చిన్నప్పుడు వాని తల్లిని చంపింది" అన్నడు. నాకు మాట రాలే. ఆ దినం నుంచి నేను ఆ పిల్లగాని గురించి వెతికి వెతికి చూసిన, విన్న. నా ఇంగ్లీషు ఎంతో మీకు తెలుసు. అయినా అర్థం చేసుకున్న.

ఆయన పేరు ఇమాన్యుయేల్ జాల్. ఇప్పుడు దక్షిణ సూడాన్ అంటున్నరే, ఆ దేశంల టోంజ్ అనే చోట పుట్టిండు. పుట్టిన తేదీ సరిగ్గ తెల్వదు, 1980 అటు ఇటు. (ఇండ్ల నవ్వేది ఏం లేదు. మనోళ్ల పాస్‌పోర్టులు తీసి చూడండ్రి, సగం మందికి హెడ్ మాస్టర్ రాసిన తేదీనే ఉంటది.) 1983ల మొదలైన అంతర్యుద్ధం 2005 దాక నడిచింది. ఇరవై లక్షల దాక జనం సచ్చిన్రు అంటరు. అందుల ఆయన తల్లి ఒకతి. ఇథియోపియాల బడి ఉన్నది, చదువుకోవచ్చు అని చెప్పి పిల్లలను వేల మందిని నడిపించుకుంట తీసుకపోయిన్రు. అక్కడ చదువు తక్కువ, తుపాకి ఎక్కువ. తిరుగుబాటు సైన్యం చిన్న పిల్లలను సిపాయిలను చేసింది. ఏడెనిమిదేండ్ల పిల్లగాడు ఏకే-47 మోసిండు. తర్వాత యుద్ధం నుంచి నాలుగు వందల మంది పిల్లలు తప్పించుకొని పారిపోయిన్రు. నెలల కొద్ది నడక. నీళ్లు లేక, తిండి లేక తొవ్వల రాలిపోయిన్రు. బతికి చేరినోళ్లు కొద్ది మందే.

అక్కడ ఎమ్మా మెక్యూన్ అని ఒక ఇంగ్లీషు ఆమె, సాయం చేసే సంస్థల పని చేసేటామె, ఈ పిల్లగాన్ని చూసింది. విమానంల దాచిపెట్టి కెన్యాకు తీసుకపోయింది. బడిల ఏసింది. 1993ల నైరోబీల కారు యాక్సిడెంట్ల ఆమె చనిపోయింది. పిల్లగాడు మళ్లీ రోడ్డు మీదికి, బస్తీలకు వచ్చిండు. ఆమె దోస్తులు కొందరు చదువుకు సాయం పట్టిన్రు. ఆ బస్తీలల్లనే ఆయన పాట మొదలుపెట్టిండు. సంగీతం ఎవరూ నేర్పలే. ముందు దేవుని పాటలు, తర్వాత హిప్ హాప్. 2005ల 'గువా' అనే పాట కెన్యాల నంబర్ వన్ అయింది. గువా అంటే ఆయన మాతృభాష నువేర్ల శాంతి అట, సూడాన్ అరబ్బీల బలం అట. ఒక మాట రెండు శత్రువుల భాషలల్ల మంచి అర్థం ఇచ్చేటట్టు ఏరుకున్నడు చూడండ్రి. నువేర్, అరబ్బీ, స్వాహిలి, ఇంగ్లీషు, నాలుగు కలిపి పాడతడు. అచ్చం మన సైట్ భాష లెక్క.

ఇగ ఆ టైం కీపర్ వినిపించిన పాట సంగతి. అది 'సీజ్‌ఫైర్' అనే ఆల్బం, 2005. ముసలాయన పేరు అబ్దెల్ గాదిర్ సలీం, కొర్దొఫాన్ ప్రాంతం, ఉత్తరాది ముస్లిం. ఆయన మీద 1994ల ఓమ్‌దుర్మాన్ల కళాకారుల క్లబ్బుల కత్తి దాడి అయింది. ఆయన బతికిండు, ఖోజలి ఉస్మాన్ అనే ఇంకో గాయకుడు అదే దాడిల సచ్చిపోయిండు. పాట పాడినందుకు కత్తిపోటు పడ్డ ఉత్తరాది పెద్దాయన ఒక దిక్కు, ఉత్తరాది ఫౌజు చేతుల తల్లిని పోగొట్టుకున్న దక్షిణాది పిల్లగాడు ఒక దిక్కు, ఇద్దరు కలిసి ఒక ఆల్బం చేసిన్రు. మనం మాత్రం ఆంధ్ర గ్రూపు వేరే, తెలంగాణ గ్రూపు వేరే, జిల్లాకు ఒక గ్రూపు వేరే.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. స్టేజీ ముచ్చట.

2005 జూలై 2న లైవ్ 8 అని ప్రపంచం మొత్తం పెద్ద సంగీత సభలు పెట్టిన్రు. ఆఫ్రికా పేదరికం గురించి. బాబ్ గెల్డాఫ్ అనే పెద్ద మనిషి ముందుండి నడిపిండు. లండన్ల హైడ్ పార్కుల అసలు సభ. అండ్ల పెద్ద పెద్ద స్టార్లు. సభ ఆఫ్రికా పేరు మీద, కానీ ఆఫ్రికా కళాకారులను ఎక్కువ మందిని అక్కడికి రానియ్యలే. దూరంగ కార్న్‌వాల్ అనే జిల్లాల ఈడెన్ ప్రాజెక్ట్ అనే చోట వాళ్లకు వేరే సభ పెట్టిన్రు. జాల్ అక్కడనే పాడిండు. అప్పుడు మస్తు విమర్శలు వచ్చినయి. ఎవరి బాధ గురించి సభనో వాళ్లను వెనుక గదిల కూసోబెట్టి, ముంగట వేరేటోళ్లు పాడిన్రు అని.

ఇది చదివినప్పుడు నాకు మన పండుగ ప్రోగ్రాం యాదికొచ్చింది. "గల్ఫ్ కార్మిక సోదరులకు అంకితం" అని బ్యానర్ కడతరు. స్టేజీ మీద సన్మానాలు అంటరు, శాలువాలు అంటరు, ఊరి నుంచి లీడర్ వస్తడు, సినిమాల చిన్న వేషం వేసినాయన వస్తడు, ఆయనకు టికెట్, హోటల్. కార్మిక సోదరుడు మాత్రం ఎనుక వరుసల ప్లాస్టిక్ కుర్చీ మీద, లేదా కుర్చీలు ఎత్తే వాలంటీర్ల ఉంటడు. మీరే చెప్పుండ్రి, అబద్ధమా? వాడు నోరు తెరిచి నాలుగు నిమిషాలు తన ముచ్చట చెప్త అంటే పండుగ ఖరాబ్ అయితదట.

జాల్ ఊకోలే. 2008ల నెల్సన్ మండేలా 90వ పుట్టినరోజు సభ అదే హైడ్ పార్కుల పెట్టిన్రు. ఆ స్టేజీ మీద ఆయన నిలబడి పాడిండు. మూడేండ్ల కింద జాగా లేదన్న పార్కులనే.

అదే ఏడు 'వార్‌చైల్డ్' ఆల్బం వచ్చింది, ఆయన జీవితం మీద డాక్యుమెంటరీ సినిమా వచ్చింది, 2009ల పుస్తకం వచ్చింది. ఆ ఆల్బంల ఒక పాట అమెరికా రాపర్ ఫిఫ్టీ సెంట్‌కు జవాబు లెక్క ఉంటది. తుపాకులు, గ్యాంగులు పిల్లల ఆటలల్ల పెట్టకు అని. ఇది మన రాప్ పిల్లలు చెవి పెట్టి వినాలె. మనోళ్లల్ల కూడ కొందరు రాప్ అంటే నల్ల అద్దాలు, బంగారు గొలుసు, అద్దెకు తెచ్చిన కారు ముంగట ఫోటో, చేతుల బొమ్మ తుపాకి అనుకుంటున్నరు. నిజం తుపాకి మోసినోడు తుపాకి పాట వద్దంటున్నడు. మన సిరిసిల్ల తమ్ముని పాటల అసొంటిది ఒక్కటి లేదు. ఉన్నది స్టీల్ కట్ట, హెల్మెట్, అమ్మ. గందుకే నాకు వాని మీద నమ్మకం.

మాటలు తీసెయ్ అన్నోళ్లకు ఇంకొక ముచ్చట. 2010 ఫుట్‌బాల్ వరల్డ్ కప్పుల కోకా కోలా వాళ్ల పాట యాదికున్నదా, 'వేవిన్ ఫ్లాగ్'? అప్పుడు నేను షార్జాల ఉన్న. టీ కొట్టుకాడ, టాక్సీల, మాల్ల, ఏడ చూసినా అదే పాట. పాడినాయన కెనాన్, సోమాలియా శరణార్థి. 1991ల మొగదిషు తగలబడుతుంటే పిల్లగాడుగ తల్లితోని పారిపోయి, చివరికి కెనడా చేరిండు. ఆ పాట అసలుది యుద్ధం, పేదరికం గురించి. కంపెనీకి పండుగ పాట కావాలె కాబట్టి మాటలు మార్చి సంబరం పాట చేసిన్రు. మార్చిన పాట ప్రపంచం మొత్తం తిరిగింది. పైసలు వచ్చినయి, పేరు వచ్చింది. నేను కాదంటలేను. కానీ 2012ల ఆయననే న్యూయార్క్ టైమ్స్ పేపర్ల రాసుకున్నడు, అమెరికా రేడియోల నడవాలని తన మాటలు తనే కత్తిరించుకున్న అని. పెద్ద పేరు వచ్చినంక కూడ ఆ కోత లోపల నొప్పి పెట్టింది. మన కమిటీ ఇచ్చేది రెండు నిమిషాలు, ఒక శాలువా కూడ కాదు. దానికి తల్లి ముచ్చట, పెట్టె ముచ్చట కోసుకోవాల్నా?

ఇదే కెనాన్ పేరు లేని దినాలల్ల ఏం చేసిండో తెలుసా? ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ పెట్టిన సభల, వాళ్ల ముంగటనే, సోమాలియాల మీరు చేసింది తప్పు అని కవిత్వంల చెప్పిండు. పెద్దోళ్లు వస్తున్నరు కదా అని ఊకోలే. ఆ సభల యూసూ న్దూర్ ఉన్నడు, సెనెగల్ దేశం గొప్ప గాయకుడు. విని, పిలిచి తన ఆల్బంల జాగా ఇచ్చిండు. పెద్దోళ్లు రావుడు అంటే ఇట్ల రావాలె. మనకు వచ్చే పెద్దోళ్లు ఫోటో దిగి బిర్యానీ తిని పోతరు.

ఇగ మీరనే మాటలు నాకు తెలుసు. ఒక్కొక్కటి చూద్దాం.

"ఆయనకు తెల్లామె దొరికింది, మనకు ఎవరు దొరుకుతరు" అంటరు. నిజమే, అదృష్టం ఉన్నది. ఆమె లేకపోతే జాల్ లేడు, ఆయన కూడ అదే అంటడు. కానీ ఆమె ఆయనకు పాట ఇయ్యలే. ఆమె పోయిన ఎన్నో ఏండ్లకు గాని పాట రాలే. ఆమె ఇచ్చింది జాగా. బతకనీకె జాగా, చదువనీకె జాగా. మన తమ్మునికి కావాల్సింది కూడ గదే, నాలుగు నిమిషాల జాగా. దానికి తెల్లామె ఎందుకు, కమిటీల మనోడే సరిపోతడు.

"ఆయన శరణార్థి, మనం కాదు. మనం అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి వచ్చినం" అంటరు. ఈ మాట ఒప్పుకుంట. మనం వాళ్లంత కష్టం పడ్డం అని చెప్పుకుంటే పాపం తగుల్తది. మనకు పోవనీకె ఊరు ఉన్నది, ఇల్లు ఉన్నది, సంక్రాంతికో దసరాకో లీవు ఉన్నది. సూడాన్ టైం కీపర్ లీవు అప్లికేషన్ పెట్టుకోడు, ఏడికి పోతడు? కానీ గందుకే నేను ఇంకా ఎక్కువ అడుగుతున్న. ఊరు లేనోడు, కాయితం లేనోడు నోరు తెరిచిండు. ఊరు, పాస్‌పోర్టు, బతాకా అన్ని ఉన్నోళ్లం మనం ఎందుకు మూసుకున్నం?

"ఇక్కడ చట్టం ఉన్నది, పాటల ఏదన్న అంటే కేసు అయితది" అంటరు. ఇది ఉట్టి మాట కాదు, జాగ్రత్త ఉండాల్సిందే. ఇది మన దేశం కాదు. ఒక మనిషిని, ఒక కంపెనీని పేరు పెట్టి తిట్టి ఆన్‌లైన్ల పెడితే కేసు అయితది, వీసా పోతది, తిరిగి రానియ్యరు. మతం ముచ్చట, ఇక్కడి సర్కార్ ముచ్చట మనకు వద్దు. ఖల్లివల్లి అయినోళ్ల ఫోటోలు పెట్టుడు అసలే వద్దు. పర్మిషన్ లేకుండ చందా వసూలు చేసినా కేసే, అది కూడ గుర్తు పెట్టుకోండ్రి. కానీ తమ్ముని పాటల గివేం లేవు. నేను లైన్ లైన్ విన్న. అందులున్న ఏజెంటు మన ఊరోడు, మోసం జరిగింది మన దేశంల. భయం చట్టంది కాదన్నా. ఆ సభకు స్పాన్సర్లు ఎవరో, వాళ్ల వ్యాపారం ఏందో మీకు తెలుసు, నాకు తెలుసు. నేను ఇంతకంటే రాయను.

"పాట పాడితే యుద్ధం ఆగిందా" అని ఒక తమ్ముడు ముందే అడిగిండు, నేను ఈ జాల్ ముచ్చట రూంల చెప్తుంటే. ఆగలే. ఉన్నదున్నట్టు చెప్పాలె. 2011 జూలై 9న దక్షిణ సూడాన్ వేరే దేశం అయింది. దానికి ముందు జాల్ శాంతి కోసం పెద్ద ప్రచారం నడిపిండు. 2013 డిసెంబర్ల ఆ కొత్త దేశంల మళ్లీ యుద్ధం వచ్చింది. ఇంకా ఘోరం ఏందంటే, ఆ యుద్ధంల ఒక పక్క నాయకుడు రీక్ మచార్, ఆయనను కాపాడిన ఎమ్మా మొగుడు. 2014ల లీర్ అనే ఊరి మీద దాడి అయి దవాఖాన కూడ నాశనమైంది. అదే లీర్ల జాల్ ఎమ్మా పేరు మీద బడి కట్టించే పని పెట్టుకున్నడు. పాట యుద్ధాన్ని ఆపదు. స్లాబ్ పడిపోతుంటే పాట పట్టుకోదు. పాటతోని అయ్యేది వేరే పని.

ఆ బడి సంగతి చెప్తే కడుపు ముచ్చటకు జవాబు దొరుకుతది. పాట పాడితే కడుపు నిండుతదా అని అడిగిన్రు కదా. 2008 చివరల జాల్ బడికి పైసలు జమ చేయనీకె పొద్దున తిండి, మధ్యాహ్నం తిండి బంద్ పెట్టిండు. దినానికి ఒక్క పూట, రాత్రి. వారం కాదు, నెల కాదు, ఆరు వందల రోజులకు పైన. అప్పటికే ఆయన పేరున్న గాయకుడు, హైడ్ పార్కుల పాడినోడు. ఆకలి అంటే ఏందో చిన్నప్పుడే తెలిసినోడు, పెద్దగైనంక కావాలని ఆకలి పట్టిండు. పాట కడుపు నింపుతదా అన్న ప్రశ్నకు ఆయన పాట కోసం, బడి కోసం కడుపు మాడ్చుకొని జవాబు చెప్పిండు. నేనైతే ఒక రంజాన్ల మా పాకిస్తాన్ దోస్తులతోని కలిసి మూడు రోజులు ఉపవాసం ఉంటే నాలుగో దినం మెస్సుల ముందు నేనే ఉన్న.

సరే, మన తమ్ముడు బడి కట్టిస్తడా? తెల్వదు. కట్టియ్యాలని నేను అంటలేను. వానికి అప్పు ఉన్నది, చెల్లె పెండ్లి ఉన్నది. ఆదివారం తప్ప పొద్దున నాలుగున్నరకు లేస్తడు. కానీ వాని పాట ఏం పని చేయగలదో నేను కండ్లార చూసిన, అది చెప్త.

మా సైట్ల పొద్దున టూల్ బాక్స్ మీటింగ్ ఉంటది. సేఫ్టీ ఆఫీసర్ ఇంగ్లీషుల చదువుతడు, నేను హిందీల చెప్త, మన ముసలోళ్లకు తెలుగుల మళ్లీ చెప్త. సగం మంది నిద్రల నిలబడి ఉంటరు. హార్నెస్ హుక్కు ఎక్కడ తగిలియ్యాలె, పైప్ ఎక్కడ పట్టుకోవద్దు, అదే ముచ్చట దినాం. ఒకనాడు నేనే తమ్ముణ్ణి పిలిచి, దీన్ని నీ రాప్ల పెట్టు అన్న. ఫోన్ గుంజుకున్న చేతితోనే పిలిచిన, సిగ్గయింది. వాడు ఒక్క మాట అనలే. మరునాడు పొద్దున చప్పట్ల మీద ఒక్క నిమిషం పాడిండు. తెలుగు, హిందీ కలిపి. రెండు రోజులల్ల బిహార్ పిల్లలు, నేపాలోళ్లు, మాట అర్థం కానోళ్లు కూడ పరంజి మీద హుక్కు తగిలిచ్చేటప్పుడు ఆ చరణం పాడుకుంటున్నరు. నేను పదేండ్లు అరిచి చెప్పినా పాడుకోలే ఎవ్వరు.

అప్పటి నుంచి నేను ఆలోచిస్తున్న. మలయాళీలకు ఇక్కడ సొంతంగ ఎఫ్ఎం రేడియోలు ఉన్నయి. పొద్దున బస్సుల వాళ్ల వార్తలు, వాళ్ల పాటలు, వాళ్ల సమస్యల మీద ముచ్చట. మన క్యాంపోళ్ల రేడియో అంటే వాట్సాప్ వాయిస్ మెసేజే. అండ్ల తిరిగేవి ఏందంటే, లాటరీ పుకార్లు, ఫలానా దేశంల వీసాలు ఫ్రీ అని అబద్ధాలు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాక ఎండల పని చెప్పొద్దు అనే రూల్ కొత్తగొచ్చిన పిల్లలకు సగం మందికి తెల్వదు. రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, మీద జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోవద్దు అని రూల్ ఉన్నది. మనోళ్లు లక్షలు కట్టి వస్తున్నరు. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. యాక్సిడెంట్ల మనిషి పోతే ఇంటోళ్లకు 10 లక్షలు. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకొని పనికి వచ్చినోళ్లకు ఆ పాలసీ ఉంటది. కానీ ఇంట్ల భార్యకు పాలసీ కాయితం ఏడున్నదో తెల్వదు. కాయితం సంచిల అడుగున పడి ఉంటది. మనిషి పెట్టెల వచ్చినంక ఎవరు చెప్పాలె ఆమెకు?

తమ్ముని పాటల మూడో చరణం ఇదే. పక్క బెడ్డాయన పోయినంక, ఆయన భార్యకు బీమా ముచ్చట తెల్వక, ఎవరో ఏజెంటు చుట్టు తిరిగిన ముచ్చట. తీసెయ్ అన్నది ఈ చరణాన్నే. పండుగకు వచ్చిన ఫ్యామిలీలల్ల నలుగురు ఆడోళ్లు విని, ఆ రాత్రి ఇంటికి పోయి "ఏమయ్యా, నీ పాలసీ కాయితం ఏది" అని అడిగి ఉంటే పండుగ ఖరాబ్ అయ్యేదా?

మన దిక్కు పాట ఉట్టి టైంపాస్ ఎన్నడూ కాదు. ఒగ్గు కథ, బతుకమ్మ పాట, నాటు ఏసేటప్పటి పాట. గద్దర్ గొంగడి ఏసుకొని స్టేజీ ఎక్కితే ఊర్లకు ఊర్లు కదిలినయి. తెలంగాణ వచ్చిందే పాట మీద నడిచి వచ్చింది అని మనమే గొప్పలు చెప్పుకుంటం. మరి గల్ఫ్ విమానం ఎక్కంగనే మన పాట ఏడుపు పాట ఎట్లయింది?

కమిటీ అన్నలకు ఒక మాట. మీరు ఖర్చు పెట్టుకొని, పర్మిషన్లు తెచ్చి, మన భాష బతకనీకె కష్టపడుతున్నరు, నేను కాదనను. కరోనా టైంల క్యాంపులకు బియ్యం పంచిన్రు, నేను కూడ ఒక మూట తీసుకున్న, మర్చిపోలే. గందుకే అడుగుతున్న. వచ్చే ప్రోగ్రాంల క్యాంపు పిల్లలకు అరగంట ఇయ్యండ్రి. మొదట్ల, జనం ఉన్నప్పుడు. చివరికి బిర్యానీ లైన్ పెట్టినంక కాదు. మాటలు ముందే వినండ్రి, చట్టానికి అడ్డమొచ్చేది ఉంటే చెప్పుండ్రి, మారుస్తరు. మీకు నచ్చలే అని మాత్రం కోయకుండ్రి. ఆ అరగంటకు ఏదన్న మాట వస్తే నా పేరు రాసుకోండ్రి, నా బతాకా నంబర్ రాసుకోండ్రి, బాధ్యత నాది.

బొటనవేలు పెట్టిన అన్నలకు కూడ ఒక మాట. ఈ ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మా బిల్డింగ్ మెస్ హాల్ల తమ్ముడు పాడతడు. క్యాంపు బాస్‌ను అడిగిన, సౌండ్ బాక్స్ లేకుండ, ఎనిమిది లోపల అయితే సరే అన్నడు. స్టీల్ ప్లేట్లు మీద తాళం కొట్టేటోళ్లు ఇద్దరున్నరు. సూడాన్ టైం కీపర్ వస్త అన్నడు. చాయ్ నా దిక్కు నుంచి. మొత్తం విన్నంక కూడ కడుపు ముచ్చట అడగాలనిపిస్తే అక్కడనే, పిల్లగాని ముంగట అడుగుండ్రి, గ్రూపుల కాదు.